అద్దె కారు నిరాశపరచకుండా: హైదరాబాదు ప్రయాణికుల అనుభవాల నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

దసరా సెలవుల్లో శ్రీశైలం వెళ్ళడానికి మేము ఒక కారును అద్దెకు తీసుకున్నాము. ఐదుగురం పెద్దవాళ్ళం, మూడు పెద్ద సంచులు, ఒక ఫలహారాల బుట్ట. బుక్ చేసేటప్పుడు కనిపించిన ఫోటోలో లోతైన డిక్కీ ఉన్న సెడాన్ ఉంది. తెల్లవారుజామున ఐదున్నరకు ఎల్బీనగర్ దగ్గర మాకు అప్పగించినది మాత్రం, డిక్కీలో సగానికి పైగా సీఎన్‌జీ సిలిండర్ ఆక్రమించుకున్న చిన్న కారు. రెండు సంచులను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాము. డ్యామ్ దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపితే తప్ప బండి లాగలేదు. వెనుక సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మా పిన్నిగారు, “ఈ మాత్రానికి ఎంజీబీఎస్‌లో బస్సెక్కినా హాయిగా వచ్చేవాళ్ళం కదరా” అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ ప్రయాణం తరువాత, అద్దె కారు తీసుకున్న బంధువులను, సహోద్యోగులను, మా అపార్ట్‌మెంట్‌లోని వారిని అడిగి వారి అభిప్రాయాలను రాసిపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. వాటిని వరుసగా చదివితే ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. “కారు బాగాలేదు” అన్న మాటల్లో ఎక్కువ భాగానికి అసలు అర్థం, ఆ ప్రయాణానికి ఆ కారు తగినది కాదని. సిటీలో ఒక్కరు తిరగడానికి చక్కగా సరిపోయిన బండే, ఐదుగురితో ఘాట్ రోడ్డు ఎక్కవలసి వచ్చినప్పుడు అందరి చేతా తిట్లు తింటుంది. కనుక ఈ మార్గదర్శి కారు ఎంపికతో కాక, ప్రయాణాన్ని కాగితం మీద పెట్టడంతో మొదలవుతుంది.

మొదటి మెట్టు: కారు కంటే ముందు ప్రయాణాన్ని రాసుకోవడం

ఎవరెవరు వస్తున్నారు, వారిలో మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి ఉన్నవారు ఎవరు, కారు సీటు అవసరమైన పసిపిల్లలు ఉన్నారా, ఎన్ని సంచులు, ఏ రోడ్డు, ఏ వేళ అన్న విషయాలను ఒక కాగితం మీద రాయండి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ నేను విన్న ఫిర్యాదుల్లో సగం ఈ కాగితం మీదే తేలిపోయేవి.

శ్రీశైలం ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుందాము. హైదరాబాదు నుంచి సుమారు 215 కిలోమీటర్ల దూరం. కల్వకుర్తి, దిండి మీదుగా మన్ననూరు చేరాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. కారు రెండు గంటలు ఆలస్యంగా అందితే, తిరుగు ప్రయాణంలో ఈ గేటు మూతపడే వేళ దగ్గరపడి, ఘాట్ మలుపుల్లో అనవసరంగా తొందరపడవలసి వస్తుంది. దోమలపెంట దాటాక రోడ్డు కృష్ణ వైపు దిగి, డ్యామ్ తరువాత మళ్ళీ ఎక్కుతుంది. అంటే దిగుడుకు నమ్మకమైన బ్రేకులు, ఎక్కుడుకు తగిన ఇంజన్ శక్తి, రెండూ అవసరమే. చాలామంది మరిచిపోయే సంగతి మరొకటి ఉంది. శ్రీశైలం క్షేత్రం ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లాలో ఉన్నది కనుక, తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్న అద్దె కారుకు అక్కడి వరకు వెళ్ళే పర్మిట్ ఉన్నదో లేదో ముందుగానే అడగాలి. విజయవాడకు, బీదరుకు వెళ్ళేవారికీ ఇదే వర్తిస్తుంది. సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని యాదగిరిగుట్టకు వెళ్ళివచ్చేవారికి ఈ బాధ లేదు. వారికి చిన్న కారు చాలును.

సామాను విషయంలో కంటి అంచనాను నమ్మవద్దు. స్విఫ్ట్ వంటి హ్యాచ్‌బ్యాక్ డిక్కీ సుమారు 265 లీటర్లు, డిజైర్ వంటి చిన్న సెడాన్‌ది సుమారు 380 లీటర్లు. ఎర్టిగాలో ఏడుగురు కూర్చోవచ్చు కానీ, మూడవ వరుస సీట్లు నిలబెట్టి ఉంచితే వెనుక మిగిలే చోటు 209 లీటర్లే, అంటే హ్యాచ్‌బ్యాక్ కన్నా తక్కువ. “ఏడు సీట్ల బండి తీసుకున్నాము, ఏడుగురం ఎక్కాము, సంచులకు చోటు లేదు” అన్న నిరాశకు మూలం ఈ అంకెల్లోనే ఉంది. ఏడుగురు, ఏడు సంచులు అయితే కారు పైన క్యారియర్ ఉన్న బండిని అడగాలి, లేదా సంచుల సంఖ్య తగ్గించాలి.

రెండవ మెట్టు: ఇతరుల అభిప్రాయాలను జల్లెడ పట్టడం

ప్రయాణికులు చెప్పే మాటల్లో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి. కారు యంత్రానికి సంబంధించినవి కొన్ని, అద్దెకు ఇచ్చిన సంస్థ నడవడికకు సంబంధించినవి కొన్ని, నడిపినవారికి ఆ కారు కొత్త కావడం వల్ల కలిగినవి కొన్ని. వీటిని విడదీయకుండా సగటు మార్కులు చూసి నిర్ణయించుకుంటే మోసపోతాము.

మూడవ రకానికి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికా నుంచి వచ్చిన మా బావగారు, ఒక అద్దె కారులో “ఇండికేటర్ పనిచేయడం లేదు, వేసినప్పుడల్లా వైపర్ తిరుగుతోంది” అని ఫిర్యాదు చేశారు. మన దేశంలో ఎక్కువగా తిరిగే అనేక కార్లలో ఇండికేటర్ మీట స్టీరింగుకు కుడివైపున, వైపర్ మీట ఎడమవైపున ఉంటాయి. ఆయనకు అలవాటైన కారులో అది తారుమారు. కారులో లోపం లేదు. అదే విధంగా, “80 దాటితే బీప్ మోత, 120 దగ్గర చెవులు చిల్లులు పడుతున్నాయి, బండి పాడైంది” అన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. 2019 జూలై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నింటికీ గంటకు 80 కిలోమీటర్లు దాటగానే హెచ్చరిక మోత రావడం, 120 దాటితే ఆ మోత ఆగకుండా మోగడం తప్పనిసరి. సొంత కారు పాతదైనవారికి ఇది కొత్తగా తోచి లోపంగా కనిపిస్తుంది.

నమ్మదగిన అభిప్రాయానికి గుర్తులు ఉన్నాయి. అందులో నెల, సంవత్సరం, మోడల్ పేరు ఉంటాయి, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఉంటుంది, ఏ చోట తీసుకున్నారో ఉంటుంది. “చెత్త కారు” అన్న ఒక్క మాట కన్నా, “ఏప్రిల్‌లో మధ్యాహ్నం సిగ్నళ్ళ దగ్గర ఏసీ గాలి వేడెక్కింది, బండి కదిలాక మళ్ళీ చల్లబడింది” అన్న వాక్యం వంద రెట్లు ఉపయోగపడుతుంది. ఒకే సంస్థకు శంషాబాదు విమానాశ్రయం దగ్గర మంచి పేరు, మియాపూర్ దగ్గర చెడ్డపేరు ఉండవచ్చు. బండ్లను చూసుకునే మనుషులు వేరు కనుక అలా జరుగుతుంది. ఒకే ఫిర్యాదును ఒకరికొకరు తెలియని ముగ్గురు వేర్వేరు నెలల్లో చెబితే దాన్ని నిజమనే తీసుకోండి. పూర్తి మెప్పును, పూర్తి కోపాన్ని పక్కనపెట్టి, మధ్యస్థంగా మార్కులిచ్చినవారి మాటలను మొదట చదవడం నా పద్ధతి. వారు మంచిని, చెడును రెండింటినీ చెబుతారు.

మూడవ మెట్టు: ఫోటో ఏమి దాస్తుందో అడిగి తెలుసుకోవడం

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే నిరాశ పుట్టేది ఇక్కడే.

బుకింగ్ పేజీలో మోడల్ పేరు పక్కన “లేదా ఆ తరహా కారు” అన్న మాట ఉంటే, మీరు అద్దెకు తీసుకుంటున్నది ఒక తరగతిని, ఒక నిర్దిష్టమైన కారును కాదు. ఆ తరగతిలో వారి దగ్గర ఉన్న బండ్లన్నింటి పేర్లు అడిగి, వాటిలో మీకు అతి తక్కువ ఇష్టమైనది వచ్చినా ప్రయాణం సాగుతుందా అని ఆలోచించుకోండి. సాగదని తోస్తే పై తరగతికి వెళ్ళాలి, లేదా ఫలానా నంబరు కారే ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోవాలి.

మోడల్ పేరు తెలిసినంత మాత్రాన సరిపోదు, వేరియంట్ తెలియాలి. ఒకే పేరుతో అమ్ముడయ్యే కారులో ప్రాథమిక వేరియంటుకు, పై వేరియంటుకు మధ్య పోలికే ఉండదు. ప్రాథమిక వేరియంట్లలో తెర ఉండకపోవచ్చు, రివర్స్ కెమెరా ఉండకపోవచ్చు, సైడ్ అద్దాలను చేత్తో తిప్పవలసి రావచ్చు, వెనుక కిటికీలకు చేతి పిడి ఉండవచ్చు, డ్రైవర్ సీటు ఎత్తు సర్దుబాటు కాకపోవచ్చు. అద్దెకు తిప్పడానికి కొన్న బండ్లలో ఈ ప్రాథమిక వేరియంట్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఫోటోలో మాత్రం తయారీదారు ప్రచారానికి వాడే పై వేరియంట్ మెరుస్తూ ఉంటుంది. “మీరు ఇచ్చే బండి లోపలి భాగం ఫోటో, డ్యాష్‌బోర్డు, వెనుక సీటు, డిక్కీ తెరిచి తీసిన ఫోటో పంపగలరా” అని వాట్సాప్‌లో అడగండి. పంపినవారి దగ్గర తీసుకోండి. పంపడానికి వెనుకాడినవారి దగ్గర నేను తీసుకోవడం మానుకున్నాను.

“ఆటోమేటిక్” అన్న మాటను విడమరిచి అడగాలి. తక్కువ ధర కార్లలో ఆ పేరుతో ఉండేది చాలావరకు ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేసే ఏర్పాటు. గేరు మారేటప్పుడు బండి ఒక క్షణం ఆగినట్లు తల ముందుకు ఊగుతుంది. విదేశాల్లో మెత్తటి ఆటోమేటిక్‌కు అలవాటు పడినవారు దీన్ని గేర్‌బాక్స్ లోపమనుకుంటారు. హిల్ హోల్డ్ (ఎక్కుడు మీద బ్రేకు వదిలినా బండిని ఒక క్షణం జారకుండా ఆపి ఉంచే ఏర్పాటు) లేని ఏఎంటీ బండి ఫ్లైఓవర్ ఎక్కుడు మీద బ్రేకు వదలగానే కొద్దిగా వెనక్కి జారవచ్చు. వెనుక ఆటో ఆనుకుని నిలబడి ఉన్నప్పుడు అది ఎంత భయపెడుతుందో నగరంలో నడిపినవారికి చెప్పనక్కరలేదు. “ఏఎంటీయా, సీవీటీయా, టార్క్ కన్వర్టరా, హిల్ హోల్డ్ ఉన్నదా” (సీవీటీ, టార్క్ కన్వర్టర్ అన్నవి మెత్తగా నడిచే వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు) అని అడిగితే సంస్థవారికి మీరు తెలిసినవారని కూడా అర్థమవుతుంది.

ఇంధనం మరొక ముఖ్యమైన సంగతి. సీఎన్‌జీ బండి కిలోమీటరుకు తక్కువ ఖర్చుతో నడుస్తుంది, కానీ డిక్కీని తినేస్తుంది, ఎక్కుడులో పెట్రోలు మీద నడిచినంత శక్తి ఇవ్వదు, నగరం దాటాక గ్యాస్ బంకుల కోసం వెతుక్కోవాలి. ఘాట్ ఎక్కే ముందు పెట్రోలుకు మార్చుకునే మీట ఎక్కడ ఉన్నదో చూపించమనండి, పెట్రోలు ట్యాంకులో ఎంత ఉన్నదో కూడా చూడండి. విద్యుత్ కారయితే, ఒక్క ఛార్జింగ్‌తో ఇంత దూరం నడుస్తుందని కాగితం మీద ప్రకటించిన రేంజ్‌ను అలాగే నమ్మవద్దు. ఏసీ, హైవే వేగం, పూర్తి బరువు కలిస్తే అది బాగా తగ్గుతుంది. దారిలో ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలో, ఛార్జింగ్ కేబుల్ బండిలో ఉన్నదో తెలుసుకోకుండా బయలుదేరడం తగదు.

ఇక వేగ నియంత్రణ సంగతి. అద్దె కార్లు రవాణా వాహనాలుగా నమోదవుతాయి కనుక, వాటిలో కొన్నింటికి గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటుంది. ఎంత తొక్కినా ముల్లు అక్కడే నిలబడుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో 120 వరకు, మూడు, నాలుగు లేన్లలో 80 వరకు వేగాన్ని అనుమతిస్తారు. గవర్నర్ ఉన్న బండితో కుడివైపు లేన్లలోకి వెళితే వెనుక నుంచి వచ్చేవారికి అడ్డు, మీకు ప్రమాదం. ఈ లక్షణాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. అడిగితే చెబుతారు. గవర్నర్ ఉన్న బండే దొరికినా ఇబ్బంది లేదు, ఎడమవైపు లేన్లలో నిబ్బరంగా సాగిపోవచ్చు. కానీ విమానం అందుకోవలసినవారు ఆ మేరకు అరగంట ముందు బయలుదేరాలి.

పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే మరో రెండు ప్రశ్నలు అడగండి. వెనుక సీటుకు ఏసీ గాలి వచ్చే మార్గాలు ఉన్నాయా అన్నది మొదటిది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే మన నగరంలో, ముందు కూర్చున్నవారు చలికి ముడుచుకుంటుంటే వెనుక ఉన్నవారు చెమటలు కక్కుతారు. వెనుక బెల్టులు నిజంగా పెట్టుకోవడానికి వీలుగా ఉన్నాయా అన్నది రెండవది. అద్దె బండ్లకు పై నుంచి తొడిగిన సీటు కవర్ల కింద బెల్టు బకిల్స్ పూడుకుపోవడం నేను అనేకసార్లు చూశాను. వెనుక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోవడం చట్టం ప్రకారం తప్పనిసరి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా నడిపితే 1,000 రూపాయల జరిమానా ఉంటుంది. పిల్లల సీటు అద్దె సంస్థల దగ్గర ఉంటుందని ఆశ పెట్టుకోకుండా సొంతది తెచ్చుకోవడమే మేలు.

నాలుగవ మెట్టు: నంబరు ప్లేటు, కాగితాలు

మనమే నడుపుకునే అద్దె కారుకు నల్లటి ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు డ్రైవరుతో నడిచే టాక్సీకి, తెల్ల ప్లేటు సొంత వాడకానికి. తక్కువ ధరకు వస్తున్నదని తెల్ల ప్లేటు బండిని తీసుకుంటే, తనిఖీలో ఆపినప్పుడు ఇబ్బంది సరే, ప్రమాదం జరిగితే బీమా సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంటుంది. ఇది మిగిలిన అన్ని అసౌకర్యాల కన్నా పెద్ద నష్టం కనుక, ఎంత పరిచయస్తులు ఇచ్చినా నేను ఒప్పుకోను.

ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, పర్మిట్ నాలుగింటి గడువు తేదీలను కళ్ళతో చూడండి. ఒప్పందంలో మూడు సంగతులను వేలు పెట్టి చదవండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకు ఎంత, దెబ్బ తగిలితే మీరు భరించవలసిన గరిష్ఠ మొత్తం ఎంత. టైర్లు, అడుగుభాగం, క్లచ్, తాళం పోగొట్టడం అన్నవి చాలా ఒప్పందాల్లో ఆ గరిష్ఠ పరిమితికి బయట ఉంటాయి. విదేశీ లైసెన్సుతో వచ్చినవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోవాలి.

ఐదవ మెట్టు: కారు చేతికి వచ్చినప్పటి ఇరవై నిమిషాలు

అప్పగించడానికి వచ్చిన కుర్రవాడికి తొందర ఉంటుంది, మీకూ తొందర ఉంటుంది. ఆ తొందరే తరువాత డిపాజిట్‌లో కోతగా మారుతుంది. ఇరవై నిమిషాలు కేటాయించండి.

సెల్లార్‌లో చీకట్లో అప్పగిస్తే బండిని వెలుతురులోకి తెప్పించండి. దుమ్ము పట్టి ఉంటే తడిగుడ్డతో తుడిపించండి, ఎందుకంటే దుమ్ము కింద గీతలు కనిపించవు. నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా ఒకే వీడియోగా బండి చుట్టూ తిరిగి రండి. తలుపుల అంచులు, బంపర్ల కింది భాగం, చక్రాల రిమ్ములు, ముందు అద్దం మీద రాయి తగిలిన చుక్కలు, పైకప్పు అన్నీ అందులో పడాలి. తరువాత లోపల సీట్ల మీద మరకలు, ఆపైన కిలోమీటర్ల రీడింగు, ఇంధనం ముల్లు. 37 లీటర్ల ట్యాంకుకు తెర మీద ఎనిమిది గీతలు ఉంటే, ఒక్కో గీత విలువ నాలుగున్నర లీటర్లకు పైమాటే. “ఒక్క గీతే కదా” అని వదిలేయకండి.

టైర్లను చేత్తో తడిమి చూడండి. గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు పైభాగం అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరిందని, మార్చే వేళ దాటుతున్నదని అర్థం. టైరు పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైనదని గుర్తు. వానాకాలంలో నున్నగా అరిగిన టైర్లతో హైవే ఎక్కవద్దు. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించి ఉంటుంది. మొదటి పెట్రోల్ బంకులో గాలి సరిచూపించండి.

స్టెప్నీ సంగతి దగ్గర నాకు జరిగినది చెబుతాను. మరోసారి అదే శ్రీశైలం దారికి ఉప్పల్‌లో కారు తీసుకుంటూ డిక్కీ చాప ఎత్తించాను. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కానీ చక్రం బోల్టులు విప్పే పానా ఉండవలసిన చోట పానా ఆకారంలో ఖాళీ గుంట మాత్రమే ఉంది.

“రెండు రోజులేగా సార్, పంక్చర్ ఎక్కడ పడుతుంది?” అన్నాడు ఆ అబ్బాయి.

“బాబూ, మన్ననూరు దాటితే అడవే. ఫోను సిగ్నల్ కూడా ఉండదు. పానా తెప్పించు, అంతవరకు ఇక్కడే కూర్చుంటాం,” అన్నాను.

అతను ఇంకో బండిలోది తీసి తెచ్చాడు. పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పానాను ఒక బోల్టుకు పెట్టి, సరిపోయిందని చూసుకున్న తరువాతే సంతకం చేశాను. సీఎన్‌జీ బండ్లు, విద్యుత్ బండ్లు కొన్నింటిలో స్టెప్నీకి బదులు పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. అటువంటప్పుడు ఆ కిట్‌లో రంధ్రం పూడ్చే ద్రవం గడువు, పంపు పనితీరు చూడాలి.

ఏసీని పరీక్షించడానికి ఇంజన్ వేసి, బండి కదలకుండా ఎండలో ఐదు నిమిషాలు ఉంచి, వెనుక సీట్లో కూర్చుని చూడండి. నిలబడి ఉన్నప్పుడు గాలి వేడెక్కితే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మీ గతి అదే. పొగాకు, తడి కంపు ఉంటే అప్పుడే చెప్పి రాయించండి, లేకపోతే ఆ వాసన మీ ఖాతాలో పడుతుంది. వైపర్లకు నీళ్ళు చిమ్మి తుడిపించండి. అద్దం మీద చారలు మిగిలితే రబ్బర్లు పోయినట్లే, అవి మార్చడం చిన్న పని. హెడ్‌లైట్లు ఒక గోడ మీద వేసి, రెండూ ఒకే ఎత్తులో పడుతున్నాయో చూడండి. మాన్యువల్ బండిలో క్లచ్ పెడల్ దాదాపు పూర్తిగా వదిలాక గాని బండి కదలకపోతే క్లచ్ అరిగిందని భావించి, ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపండి. క్లచ్ కాలిందన్న ఆరోపణతో వచ్చే బిల్లు చాలా పెద్దది. ఇంజన్ వేసిన కొద్ది సెకన్లకు డ్యాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపాలన్నీ ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం గాని, గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దీపం గాని వెలిగే ఉంటే, “అది ఎప్పుడూ అంతే సార్” అన్న మాటను అంగీకరించకుండా వేరే బండి అడగండి. మిగిలిన వాటిలో సర్దుకుపోవచ్చు. ఈ రెండింటిలో వద్దు.

ఆరవ మెట్టు: మొదటి పది కిలోమీటర్లు

నేరుగా హైవే ఎక్కకుండా, కారు తీసుకున్న చోటికి తిరిగి రాగల దూరంలో కాసేపు తిరగండి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా స్టీరింగు సడలించి పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగుతున్నదో తెలుస్తుంది. బ్రేకు వేసినప్పుడు పెడల్ వణకడం, కీచుమనడం, స్పీడ్ బ్రేకర్ మీద లటలటమనే మోత గమనించండి. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉన్నదో లేదో టోల్‌గేట్ ముందు కాక ఇక్కడే అడగాలి. ఏదైనా తేడాగా తోస్తే వెనక్కి తిప్పడానికి ఇదే సమయం. ఔటర్ మీద యాభై కిలోమీటర్లు పోయాక చేసే ఫిర్యాదుకు, మొదటి అరగంటలో చేసే ఫిర్యాదుకు దొరికే జవాబులో చాలా తేడా ఉంటుంది.

ఏడవ మెట్టు: దారిలో తేడా వస్తే

ఎర్ర దీపం వెలిగితే ఆపండి, పసుపు దీపం వెలిగితే నెమ్మదిగా నడుపుతూ సంస్థకు తెలియజేయండి. ఇంజన్ వేడి ముల్లు పైకి పోతే పక్కకు తీసి ఆపి, చల్లారేవరకు రేడియేటర్ మూత తెరవవద్దు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచితే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండవ గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగాలి, ఆటోమేటిక్‌లో మాన్యువల్ స్థానానికి గాని, తక్కువ గేరుకు గాని మార్చుకోవాలి. బ్రేకులు పోయాయని నాకు చెప్పిన ఒకరిద్దరి విషయంలో, విచారిస్తే జరిగినది ఇదే.

ఫోనులో మాట్లాడిన ప్రతి విషయాన్ని వెంటనే సందేశంగా కూడా పంపండి: “ఇప్పుడు 11:40, కల్వకుర్తి దగ్గర, ఏసీ పనిచేయడం లేదు, ఫోటో జతచేశాను.” సంస్థ అనుమతి లేకుండా దారిలో మెకానిక్ చేత విప్పించవద్దు. అనుమతి ఇస్తే ఆ మాట రాతలో తీసుకుని, బిల్లు భద్రపరచండి. వేరే కారు పంపమని అడగడానికి సంకోచించకండి. అడిగినవారిలో కొందరికే దొరుకుతుంది, అడగనివారికి ఎలాగూ దొరకదు.

ఎనిమిదవ మెట్టు: తిరిగి అప్పగించడం, డిపాజిట్

పగటి వెలుతురులో అప్పగించేలా సమయం చూసుకోండి. మళ్ళీ అదే వీడియో, అదే క్రమంలో తీయండి. ఇంధనం ఎంతతో తీసుకున్నారో అంతకు నింపి, బంకు రశీదు ఉంచుకోండి. బ్లూటూత్‌లో, తెరలో చేరిన మీ ఫోను పేరును, కాంటాక్టులను, మ్యాప్‌లో మిగిలిన ఇంటి చిరునామాను తొలగించండి. నేను తీసుకున్న ఒక బండిలో నాకు ముందున్న నలుగురి ఫోను పేర్లు, ఒకరి కాంటాక్టుల జాబితా మొత్తం కనిపించాయి. వాటిని కూడా తొలగించే ఇచ్చాను.

వేగం, సిగ్నల్ ఉల్లంఘన చలానాలు బండి యజమానికి వెళ్ళి, అక్కడి నుంచి మీ దగ్గరికి వస్తాయి. తెలంగాణ పోలీసుల ఈ-చలానా పేజీలో బండి నంబరు వేసి చూస్తే తేదీ, సమయం, ఫోటో తెలుస్తాయి. మీరు కారు తీసుకున్న సమయం, ఇచ్చిన సమయం సందేశాల్లో ఉంటే ఇతరుల చలానా మీ నెత్తిన పడదు.

అన్యాయమైన కోత విధిస్తే, మొదట సంస్థకు వీడియో జతచేసి రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్ళు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేసే వీలుంది. మా అపార్ట్‌మెంట్‌లోని ఒక పెద్దాయనకు బంపర్ గీత పేరుతో కోసిన డబ్బు, ఆయన తీసుకున్నప్పటి వీడియో పంపిన మూడవ రోజున తిరిగి వచ్చింది.

తొమ్మిదవ మెట్టు: మీ అభిప్రాయం రాయడం

మీరు చదివి లాభపడ్డారు కనుక మీ వంతు రాయండి, కోపం తగ్గిన మరునాడు రాయండి. పేర్లు పెట్టి మనుషులను నిందించకుండా, తరువాతివాడు ఏమి అడగాలో తెలిసేలా రాయండి. ఉప్పల్‌లో తీసుకున్న ఆ కారు గురించి నేను రాసినది ఇది:

“అక్టోబరులో రెండు రోజులు, ఐదుగురం, శ్రీశైలం. పెట్రోలు, మాన్యువల్, 1.2 లీటర్ల సెడాన్, అప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఘాట్‌లో ఏసీ వేసుకునే రెండవ గేరులో ఎక్కింది. మూడు పెద్ద సంచులు డిక్కీలో పట్టాయి. రివర్స్ కెమెరా లేదు, సెన్సార్లు ఉన్నాయి. వెనుక ఏసీ మార్గాలు లేవు, మధ్యాహ్నం వెనుకవారికి ఉక్క పోసింది. 80 దగ్గర గవర్నర్ ఉంది, ముందుగా చెప్పలేదు. పర్మిట్ ఆంధ్రప్రదేశ్‌కు చెల్లింది. టూల్ కిట్‌లో పానా లేదు, అడిగితే తెచ్చి ఇచ్చారు. డిపాజిట్ ఐదవ రోజున పూర్తిగా వచ్చింది. తీసుకునేవారు డిక్కీ చాప ఎత్తి చూసుకోండి.”